ఊపిరి తీసుకోని గొంతు

ఊపిరి తీసుకోవడం లేదు, అదీ సంగతి. వినడం మొదలుపెట్టినప్పటినుంచి ఎక్కడో ఏదో తేడాగా ఉందని అనిపిస్తూనే ఉంది గాని, అదేమిటో పట్టుబడలేదు. ఇప్పుడు పట్టుబడింది. ఎంత పొడుగు వాక్యమైనా ఆ గొంతు ఒక్క గుక్కలో దాటేస్తుంది. చివర ఆగుతుంది, ఆ ఆగడంలో గాలి లోపలికి వెళ్ళిన చప్పుడుండదు. మనిషైతే ఎక్కడో ఒకచోట గుటక వేస్తుంది, తడబడుతుంది, గొంతు సవరించుకుంటుంది. కథలో వంతెన కాపలాదారు దీపం వెలిగించి మెట్లు దిగే వాక్యం అరపేజీ ఉంటుంది; రాస్తున్నప్పుడు అతనికే మధ్యలో ఊపిరాడలేదు. ఈ గొంతు దాన్ని మంచినీళ్ళు తాగినట్టు తాగేసింది. అంటే ఇది మనిషి కాదు, కంప్యూటరు. ఇంత చిన్న సంగతి కనిపెట్టడానికి ఇన్నాళ్ళెందుకు పట్టింది? ఇల్లు దోచుకుపోతుంటే సామాన్ల వంకే చూస్తాం గాని మోస్తున్నవాడి మొహం చూడం, అందుకే కాబోలు...

"ఒరేయ్, గుండీ తిరగేసి కుడుతున్నావు," అంది అక్క.

చూసుకున్నాడు. నిజమే. దారం పళ్ళతో తెంపబోయాడు.

"కత్తెర లేదూ? మిగిలిన నాలుగు పళ్ళూ ఊడగొట్టుకో, నాకు జావ కాచే పని కూడా తగుల్తుంది."

అది అక్క పనిగది. ఆ ఇంటికి ముందుగది కూడా అదే. వీధివైపు కిటికీ కింద కుట్టుమిషను, పక్కన బల్ల, బల్ల మీద స్కూలు చొక్కాల గుట్ట. బడులు తెరవబోయే ముందు ఈ గుట్ట ఎంత కుట్టినా తరగదు. అక్క కాలర్లు వేస్తుంది, అతను గుండీలు కుడతాడు. దారపు రీళ్ళ పెట్టెకి ఆనించిన ఫోన్లోంచి కథ వస్తుంటుంది. ఆ కథ అతనిది.

అచ్చయి చాలా ఏళ్ళైంది. అమ్ముడుపోని ప్రతులు అట్టపెట్టెల్లో అతని మంచం కిందే ఉన్నాయి. తుడిచేటప్పుడు అక్క వాటిని కాలితో జరిపి, అయ్యో అనుకుని కళ్ళకద్దుకుంటుంది. ఫోన్లో దాన్ని వినిపిస్తున్న వీడియో ఛానెల్లో దానికి వేరే పేరు పెట్టారు. 'గుండె బరువెక్కించే కథ' అట. బొమ్మలో ఒక ఆడమనిషి గొడుగు కింద ఏడుస్తూ ఉంటుంది. నవల మొత్తం వెతికినా గొడుగు లేదు. రచయిత పేరూ లేదు.

ఎదురింటి నర్సు ఈ ఛానెల్ని అక్క ఫోన్లో పెట్టి వెళ్ళింది. ఆ రోజు అతను పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ముందుగదిలోంచి తన మొదటి వాక్యం వినపడింది. ఒక్క క్షణం, అక్క తన పుస్తకం తెరిచి పైకి చదువుకుంటోందనుకున్నాడు. కుళాయి కట్టెయ్యడం మర్చిపోయాడు. ఆ క్షణంలో కలిగిన సంతోషాన్ని తర్వాత చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాడు. దానికి ఏ ఆధారమూ లేదు, అయినా అబద్ధమని తీసెయ్యలేకపోయాడు. గదిలోకి వచ్చేసరికి అక్క మిషను తొక్కుతోంది, చదువుతున్నది ఫోను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ రోజు చెప్పలేదు కాబట్టి మర్నాడు చెప్పడం కష్టమైంది. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాల్సి వచ్చేది.

అక్క అతని పుస్తకాలు చదవలేదు. చదవనని ఎప్పుడూ అనలేదు. "పొద్దస్తమానం సూది చూసిన కళ్ళురా, అక్షరాలు చీమల్లా పాకుతాయి. ఈ సీజన్ దాటనీ, కూచుని చదివేస్తాను," అంటుంది. దర్జీ పనికి సీజన్లు దాటవు. ఒకటి పోతుంటే ఇంకోటి గుమ్మంలో ఉంటుంది.

ఆమెని తప్పుపట్టే అర్హత తనకుందా? అతను రాసిన వారపత్రిక మూతపడ్డాక, వెబ్‌సైట్లకి వ్యాసాలు రాశాడు. ఆ తర్వాత కుక్కర్ల గురించీ పరుపుల గురించీ రాశాడు. ఆ తర్వాత, కంప్యూటరు రాసిన పరుపుల గురించిన రాతల్ని దిద్దాడు. ఇప్పుడది తనని తనే దిద్దుకుంటోందిట. గుండీలు మాత్రం ఇంకా మిగిలాయి. అక్క ఇంట్లో ఉంటున్నాడు, అక్క అన్నం తింటున్నాడు, ఎవరైనా అడిగితే "మా తమ్ముడు రచయిత" అని అక్కే చెబుతుంది, ఆ మాట విన్నప్పుడల్లా అతను చొక్కా గుట్టలోకి తల దూర్చేస్తాడు.

"పాపం ఎన్ని కష్టాలు పడిందో ఈ పిల్ల," అంది అక్క ఫోను వంక చూసి. "పడకపోతే ఇట్లా చెప్పలేదు. గొంతు చూడు, ఏడుపు దిగమింగుకుంటున్నట్టు లేదూ?"

అతను సూదిలోకి దారం ఎక్కించాడు.

"నువ్వూ ఇట్లాంటివి రాయొచ్చు కదరా?"

"ఎట్లాంటివి?"

"ఇట్లా, మనుషుల గురించి. నువ్వేవో పెద్ద పెద్దవి రాస్తావట కదా, నర్సు చెప్పింది. అర్థం కావని."

"ఆవిడ చదివిందా?"

"చదవలేదులే. అట్ట చూసి చెప్పింది."

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు బయటికి రాకముందే, గొంతు తర్వాతి భాగంలోకి వెళ్ళింది. వంతెన కాపలాదారు కూతురు తమ్ముడికి అన్నం పెట్టి, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయే చోటు. అక్క పెడల్ మీద కాలు ఆపింది.

"ఒకటి మాత్రం నచ్చలేదు. ఈ కూతురికెందుకురా అంత పొగరు? తమ్ముడు వెనకాలే తిరుగుతుంటే పన్నెత్తి పలకదు. కింద కామెంట్లలో అందరూ తిడుతున్నారట, నర్సు చదివి వినిపించింది. నాకూ ఒళ్ళు మండిపోయింది. తోడబుట్టినవాడితో అట్లా ఉంటారా ఎవరైనా?"

సూది వేలిలో దిగింది. చొక్కాకి అంటకుండా చెయ్యి పక్కకి తీసుకుని, వేలు నోట్లో పెట్టుకున్నాడు. అందువల్ల జవాబు చెప్పాల్సిన అవసరం తప్పింది.

ఆ కూతురికి పొగరు లేదు. ఆమె ఎందుకు మాట్లాడదో ఒక అధ్యాయం నిండా ఉంది. ఆ అధ్యాయం ఛానెల్లో లేదు.

ఎందుకు లేదో అతనికి తెలుసు, కారణం తనే. మిగతా అధ్యాయాలన్నీ వేళకి ప్రెస్సుకి ఇచ్చేశాడు. అదొక్కటి ఇవ్వలేకపోయాడు. ఒక మాట మార్చడం, మళ్ళీ పాతమాటే పెట్టడం, పొద్దున బాగుందనుకున్నది సాయంత్రానికి అబద్ధంలా వినపడటం. పబ్లిషరు విసిగిపోయి, ఉన్నంతవరకు కూర్చి, సమీక్షకులకి ముందుగా పంపించేశాడు. పుస్తకం అచ్చయ్యేనాటికి అధ్యాయం చేరింది గాని, ముందుగా వెళ్ళిన కాపీ వెళ్ళిపోయింది. అదే చేతులు మారి మారి, ఊరందరి ఫోన్లలో చేరింది. అధ్యాయాలకి అంకెలు వెయ్యలేదు, అదొక గొప్ప అనుకున్నాడు అప్పట్లో. అంకెలుంటే కనీసం ఒక అంకె తగ్గిందని ఎవరికైనా తోచేది. వేలమంది విన్నారు, ఏడ్చారు, దండాలు పెట్టే బొమ్మలు పంపారు. ఇక్కడేదో తెగిందని ఒక్కరికీ అనిపించలేదు. అతను నవలంతా ఆ అధ్యాయం కోసమే రాశాడు. అది లేకపోయినా నవల నడుస్తోంది, హాయిగా నడుస్తోంది. ఇన్నాళ్ళూ గుండె అనుకున్నది అపెండిక్సన్నమాట.

మిగిలిన నవలంతా కల్పన. వంతెన చూసి రాయలేదు, కాపలాదారుని ఎరగడు. ఆ అధ్యాయం మాత్రం ఈ ఇల్లే. నాన్న పోయిన ఏడాది అతనికి గవదబిళ్ళలు వచ్చాయి. దవడలకి గుడ్డ కట్టి పడుకోబెట్టి, అక్క కథల పుస్తకం చదివేది. రాజుకి ఒక గొంతు, ముసలిదానికి ఒక గొంతు. పొడుగు వాక్యం వచ్చే ముందు, నీళ్ళలోకి దూకబోయేదానిలా గాలి పీల్చుకునేది. ఒక మధ్యాహ్నం కథ మంచి పట్టులో ఉండగా తలుపు చప్పుడైంది. ఎవరో గౌను పట్టుకొచ్చారు, నడుం దగ్గర బిగించాలిట. అక్క పుస్తకాన్ని తెరిచిన పేజీ తెరిచినట్టే అతని గుండెల మీద బోర్లించి, "ఇప్పుడే వస్తా" అంది. వెళ్ళి, పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకుని, గౌను ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పళ్ళ మధ్య పిన్నులున్న మనిషి చదవలేదు. మాట్లాడనూ లేదు. అతను పేజీ పోతుందేమోనని కదలకుండా పడుకున్నాడు. గౌను వెనక ఇంకో గౌను, దాని వెనక ఒక కోటు. ఆ పుస్తకం ఆమె మళ్ళీ ముట్టుకోలేదు.

అంతే ఆ అధ్యాయం. ఏమీ జరగదు అందులో.

ఫోను మోగింది, తనది. నంబరు చూసి పెరట్లోకి వెళ్ళాడు. ఆడియో పుస్తకాల కంపెనీ అమ్మాయి. మర్యాదగా, చురుగ్గా మాట్లాడుతుంది.

"సార్, గుడ్ ఈవెనింగ్. ఆ ఛానెల్ ఇంకా అట్లాగే ఉంది సార్. ఫ్రీగా దొరికేదాన్ని మేం కొని అమ్మలేం కదా."

"వీడియో సైటుకి కంప్లయింట్ ఇచ్చానమ్మా. కన్ఫర్మ్ చెయ్యమని మెయిల్ వచ్చింది."

"కన్ఫర్మ్ నొక్కారా?"

"ఇంకా లేదు."

"ఈరోజు ఆఫీసు మూసేలోపు అయిపోతే కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టించేస్తా సార్. తర్వాతైతే ఈ లిస్టు వేరేవాళ్ళ చేతికి వెళ్ళిపోతుంది, వాళ్ళకి మీరెవరో తెలీదు."

మీకు తెలుసా అని అడగబోయి ఊరుకున్నాడు. ఆ సంతకం చేస్తే వచ్చేదానితో ఇంటద్దెలో తన వాటా తను ఇవ్వగలడు. ఏడాది పాటు ఎవరింట్లోనో ఉంటున్నట్టు కాకుండా, తనింట్లో ఉన్నట్టు ఉండొచ్చు. అక్క కళ్ళకి మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు.

"ఇంకొక్కటి సార్. మా ఎడిటింగ్ టీమ్ చూసింది. చాలా బాగుందన్నారు. ఒక్క చాప్టర్ మాత్రం తీసేద్దామన్నారు. అదే, ఆ పిల్ల పుస్తకం చదువుతూ మధ్యలో ఆపేస్తుంది చూడండి, అది. అక్కడ కథ కదలట్లేదట. జనం అక్కడే దిగిపోతారు సార్."

అతను కుళాయి వంక చూశాడు. చుక్క తయారవుతోంది, పడట్లేదు.

"అది తీసేస్తే మరి... ఆ అమ్మాయి ఎందుకట్లా ఉంటుందో తెలీదు కదమ్మా."

"తెలీకపోతే సస్పెన్సు కదా సార్!"

"పోనీ అది నేను వేరేగా ఎక్కడైనా..."

"అట్లా కుదరదు సార్. మొత్తం పుస్తకం మీద హక్కులు మావే, తీసేసినవాటి మీద కూడా. ఇప్పుడున్న పద్ధతుల్లోనూ, ఇకముందు రాబోయే పద్ధతుల్లోనూ. అది అందరికీ పెట్టే లైనే సార్, కంగారుపడకండి."

ఫోను పెట్టేశాక చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. దొంగ పొరపాటున వదిలేసిన దాన్నే, కొనేవాడు చూసి మరీ వదిలేస్తున్నాడు. ఇద్దరి మధ్యా తను చేతిలో మిగిలిన ఒక ముక్క పట్టుకుని, చొక్కా అంతా కుట్టాక మిగిలిపోయిన గుడ్డముక్కని ఏం చెయ్యాలో తెలియనివాడిలా. రాసినవాడు పొరబడి ఉండొచ్చు కదా? ఆ మధ్యాహ్నం తనకి ఒక్కడికే పెద్దదేమో. బోర్లించిన పుస్తకం బరువు గుండెల మీద పడ్డవాడికి తప్ప ఇంకెవరికీ తెలియకపోతే, అది కథ ఎట్లా అవుతుంది? జబ్బవుతుంది.

ఎందుకు చేశాడో తెలియదు, ఛానెల్లో ప్రకటనల కోసం ఇచ్చిన నంబరుకి ఫోను చేశాడు. తిట్టాలనుకున్నాడు. పేరు చెప్పగానే అవతలి మనిషి సంతోషంతో అరిచినంత పనిచేశాడు.

"గురువుగారూ! మీరేనా? నిజంగా మీరేనా? బతికే ఉన్నారా!"

"ఉన్నాను."

"అంటే, అపార్థం చేసుకోకండి, పాత పుస్తకం కదా అని... అయ్యో, ఎంత బాగా రాశారు గురువుగారూ. నాది ఫోటో స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ కెమెరాలొచ్చాక మూసేశా. మీ కథే నాకు అన్నం పెడుతోందనుకోండి."

"నా అనుమతి లేకుండా."

"తప్పే. కేసు పెడతారా? పెట్టండి, నేనేమనుకోను. ఇది పోతే ఇంకో పేరుతో తెరుచుకుంటా, అంతే. మీ మీద గౌరవం మాత్రం తగ్గదు."

"పేరన్నా వెయ్యొచ్చు కదయ్యా."

"వేసి చూశా గురువుగారూ వేరే కథకి. రచయిత పేరు చూస్తే జనం పారిపోతున్నారు. ఎవరో అమ్మాయి సొంత బాధ అనుకుంటేనే ఏడుస్తున్నారు. ఏడిస్తేనే నాలుగు రూకలు."

"ఆ గొంతు..."

"సాఫ్ట్‌వేరు. తెలిసిపోయిందా? మొదట్లో మరీ రైలింజన్‌లా పరిగెత్తేది. కామా పెడితే ఆగుతుందని తర్వాత తెలిసింది. అంత ఓపిక ఎవరికుంది, మీ వాక్యాలు చూస్తే గోదాములంత ఉంటాయి!"

అతను గోడకి ఆనుకున్నాడు. తిట్టడానికి కూడబెట్టుకున్న మాటలు ఎటుపోయాయో పోయాయి.

"అందులో ఒక అధ్యాయం లేదు," అన్నాడు చివరికి.

"అవునా?" అవతల నిజమైన ఆశ్చర్యం. "ఎవరూ అడగలేదే!"

అవతలి మనిషి అంతలోనే తేరుకున్నాడు.

"ఉంటే పంపండి గురువుగారూ. స్పెషల్ ఎపిసోడ్ అని రేపే వేసేస్తా. కేసు సంగతి తర్వాత చూసుకుందాం."

ఫోను పెట్టేశాడు. గదిలోకి వచ్చేసరికి ఈ రోజు భాగం అయిపోయినట్టుంది, మిషను చప్పుడొకటే వినపడుతోంది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ చొక్కాల గుట్ట మీదికి వచ్చింది. అక్క ఒక కాలరు అంచుని మడిచి, పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. ఇన్నేళ్ళుగా ఆ పెదవులు ఆ పిన్నుల కోసమే కొంచెం లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. మొహం మీద అదొక గీతలా మిగిలిపోయింది.

"అక్కా, ఆ కథలో ఆ కూతురు ఎందుకు మాట్లాడదంటే..."

అక్క చెయ్యెత్తి ఆపింది. పిన్నులు గబగబా తీసి బల్ల మీద పెట్టింది.

"చెప్పావంటే చంపేస్తా! నర్సుకి కూడా అదే చెప్పా. ముందే చెప్పేస్తే ఇంక వినడమెందుకు? నీకెట్లా తెలుసు, దొంగచాటుగా ముందుకెళ్ళి వినేశావా?"

"లేదక్కా. అది నేను రాసిందే."

అనేశాడు. ఇంత తేలిగ్గా వచ్చేస్తుందని అనుకోలేదు. అక్క ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది, కళ్ళజోడు పైకి తోసుకుని మరీ చూసింది. ఆ తర్వాత పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"నీ మొహంలే! వేలు గుచ్చుకుంటే తలకెక్కిందా ఏంటి?"

అతనూ నవ్వాడు. నవ్వకుండా ఉంటే నిజమని రుజువు చెయ్యాలి. మంచం కింద అట్టపెట్టె లాగాలి, మొదటి పేజీ తెరిచి కళ్ళ ముందు పెట్టాలి, ఆమె పోల్చి చూడాలి, ఇన్ని రోజులూ పక్కన కూర్చుని గుండీలు కుడుతూ ఎందుకు ఊరుకున్నావని అడగాలి. అప్పుడామె ఇన్నాళ్ళూ ఎవరి కష్టానికి కళ్ళు తుడుచుకుందో, ఆ పిల్లే లేకుండా పోతుంది. దొంగ సొమ్మని తెలిశాక ఆ కథ మళ్ళీ ఎట్లా వింటుంది?

"సరే, నువ్వే రాశావనుకో," అంది అక్క పిన్నులు ఏరుకుంటూ. ఇంకా నవ్వుతూనే ఉంది. "అయితే ఒక పని చెయ్యరా, బాబ్బాబు. ఆ పొగరుమోతు పిల్ల చేత ఒక్క మాట మాట్లాడించు. చూడలేకపోతున్నాను."

పిన్నులు మళ్ళీ పళ్ళ మధ్యకి వెళ్ళిపోయాయి.

అతను తన గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. ఫోన్లో వీడియో సైటువాళ్ళ మెయిల్ తెరిచే ఉంది. ఈ రచన నాదేనని, దీన్ని తొలగించమని కోరుతున్నానని, అడుగున ఎర్రటి గడి. ఒక్క వేలు చాలు. నొక్కితే రేపు పొద్దున అక్క ఫోను తెరిచేసరికి ఏమీ ఉండదు. నెట్ పోయిందేమోనని ఫోనుని తలకిందులు చేసి దులుపుతుంది. తర్వాత నర్సుని అడుగుతుంది. తర్వాత ఊరుకుంటుంది, ఊరుకోవడం ఆమెకి కొత్త కాదు. పొగరుమోతు పిల్ల పొగరుమోతుగానే ఉండిపోతుంది.

హక్కు తనదే. కోర్టుకెళ్ళినా తనదే. ఇంత నికరంగా తనదైనది జీవితంలో ఇంకొకటి లేదు. వాడుకునే వీలున్నది మాత్రం ఈ ఒక్కసారి, అదీ ఆ అధ్యాయాన్ని పూడ్చిపెట్టడానికి.

మెయిల్ మూసి, ఆ అధ్యాయం ఉన్న ఫైలు వెతికాడు. తెరిచాడు. చదువుతుంటే ఏదీ మార్చాలనిపించలేదు. అదొక వింత. ఒకప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగినవాడు ఇప్పుడు మాటల జోలికి పోలేదు. ఆ గొంతు ఎక్కడ పరిగెత్తేస్తుందో అదే చూశాడు. రాజు కోట గుమ్మం దాటే చోట అక్క గాలి పీల్చుకునేది. అక్కడొక కామా పెట్టాడు. ముసలిది దగ్గే ముందు అక్కకి నిజంగా దగ్గొచ్చి నవ్వేసేది. అక్కడొకటి. వ్యాకరణం ఒప్పుకోని చోట్ల, మాట మధ్యలో విరిగిపోయే చోట్ల కూడా పెట్టాడు. 'ఇప్పుడే' తర్వాత ఒకటి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టాడు. ఆ రోజు ఆమె అక్కడ ఆగింది. తలుపు వంక చూసి, ఆగి, అప్పుడు 'వస్తా' అంది.

మధ్యలో ఫోను మోగింది. ఆడియో కంపెనీ. ఆఫీసు మూసే వేళయినట్టుంది. మోగనిచ్చాడు. ఆగిపోయాక, ఎక్కడ వదిలాడో వెతుక్కుని మళ్ళీ మొదలుపెట్టాడు.

ముందుగదిలో మిషను ఆగింది, మళ్ళీ కదిలింది. రచన ఎవరిదని రాయాల్సిన చోట ఖాళీగా వదిలేశాడు. ఫోటో స్టూడియో మనిషి నంబరుకి ఫైలు జతచేసి, కింద ఒక్క ముక్క రాశాడు: కామాలు తియ్యకండి.

పంపించే గుర్తు మీద వేలు పెట్టి, ఒకసారి గాలి పీల్చుకుని, నొక్కాడు.